విడాకుల ఒప్పందంపై సంతకానికి ముందు

ముందు కాగితాలు. బ్యాంకు స్టేట్‌మెంట్లు, పన్ను రిటర్నులు, ఆస్తి పత్రాలు, బీమా పాలసీలు అన్నీ కాపీ తీసి, ఇంటి బయట నమ్మకస్తుల దగ్గర ఉంచండి. గొడవ ముదిరాక బీరువా తాళం దొరకదు.

జాయింట్ లోన్‌తో మరీ జాగ్రత్త. "ఇంటి వాయిదాలు ఆయనే కడతారు" అని మీరిద్దరూ రాసుకున్నా అప్పిచ్చిన బ్యాంకుకు అది పట్టదు. లోన్ పత్రంలో మీ సంతకం ఉన్నంతకాలం, ఆయన కట్టకపోతే నోటీసు మీకూ వస్తుంది, మీ క్రెడిట్ స్కోరూ పడిపోతుంది. అప్పు తీరాకో, ఆయన ఒక్కరి పేరుకు మారాకో మాత్రమే ఇంట్లో వాటా వదులుకోండి. మాట మీద వదలొద్దు.

జాయింట్ ఖాతా ఊడ్చేయకండి. కోపంలో తీసిన డబ్బుకు తర్వాత జడ్జి ముందు లెక్క చెప్పాల్సి వస్తుంది.

ఈమెయిల్, బ్యాంకు యాప్ పాస్‌వర్డ్‌లు ఈరోజే మార్చండి. నామినీ పేర్లు, వీలునామా మాత్రం లాయర్ని అడిగాకే. కేసు నడుస్తుండగా కొన్ని మార్పులు చెల్లకపోవచ్చు.

వాటాలు పోల్చేటప్పుడు పన్ను పోను చేతికెంత వస్తుందో చూడండి. పింఛను సొమ్మూ, రొక్కమూ అంకెలో సమానమైనా విలువలో కావు.

పిల్లల ఖర్చులో ఫీజులతో పాటు వైద్యం, ఏటా పెరిగే ధరలూ రాయించండి.

ఇద్దరికీ ఒకే లాయరా? చవకే, కానీ వద్దు.