మట్టిపని నేర్చుకుందాం – 6వ భాగం: తెల్లపూత మీద ఎర్రగీత

పోయిన భాగంలో సారె మీద తీసి, అడుగు చెక్కిన ఎర్రమట్టి గిన్నెలను ఆరిపోకుండా కవరు కప్పి ఉంచారు కదా. ఇప్పుడు వాటి మీద తెల్లని స్లిప్, అంటే నీళ్లలో కలిపిన మట్టి పూత, పూసి, గీకి బొమ్మ తీద్దాం. ఈ పద్ధతి పేరు స్గ్రాఫిటో. గీకడమనే అర్థమున్న ఇటాలియన్ మాట నుంచి వచ్చింది.

ఎండిన తెల్లమట్టిని నలిపి, రాత్రంతా నీళ్లలో నానబెట్టి, 80 మెష్ (అంగుళం పొడవున 80 కన్నాలున్న) జల్లెడలో వడకట్టండి. చిలికిన పెరుగంత చిక్కగా ఉంటే చాలు. ఆరేటప్పుడు ఎర్రమట్టి ఎంత కుంచించుకుపోతుందో పూత కూడా దాదాపు అంతే కుంచించుకుపోవాలి. లేకపోతే పెచ్చులూడుతుంది. అందుకే ముందు చిన్న బిళ్ల మీద పూసి చూడండి.

గిన్నె ఎత్తితే వంగకూడదు, గోరు నొక్కితే గుర్తు పడాలి. స్టూడియోల్లో దీన్నే లెదర్ హార్డ్ అంటారు. మెత్తని కుంచెతో ఒక పూత అడ్డంగా వేసి, తడి మెరుపు పోయాక రెండోది నిలువుగా వేయండి.

ఎప్పుడు గీకాలన్నదే అసలు చిక్కు. మొదటిసారి నేను ఆగలేక పూత పచ్చిగా ఉండగానే మొదలుపెట్టాను. గీతకు రెండు వైపులా నాగలి చాలులా బురద లేచింది. రెండోసారి కవరు కప్పడం మరిచాను. తెల్లారేసరికి గీత అంచులు రాలిపోయాయి. ఇప్పుడు గీకగా వచ్చే తురుమునే చూస్తాను. ముద్దగా వస్తే తొందరపడ్డట్టు, పొడిగా రాలితే ఆలస్యమైనట్టు. కొబ్బరి తురుములా విడివిడిగా చుట్టుకుంటూ లేస్తే సమయం సరిగ్గా కుదిరినట్టే.

సిరా అయిపోయిన బాల్‌పెన్ చాలు. పూత తెగి కింది ఎరుపు కనిపించేంత లోతు గీయండి. గోడలోకి దిగకండి. ముగ్గు అలవాటున్న చేతికి ఇక్కడ ఒక తికమక ఉంది. ముగ్గులో పెట్టిన గీత తెల్లన, ఇక్కడ గీసిన గీత ఎర్రన. తెల్లగీతే కావాలంటే దాన్ని వదిలి చుట్టూ గీకాలి. పెద్ద జాగాలకు లూప్ టూల్ (పిడి చివర తీగ వంకీ ఉన్న గీకే పనిముట్టు) వాడండి.

గీత పక్కన నిలిచిన తురుమును అప్పుడే తుడవకండి, తెల్లపూత మీద ఎరుపు అలుక్కుంటుంది. కాస్త ఆరాక మెత్తని కుంచెతో రాల్చండి. నోటితో ఊదవద్దు, ఆ ధూళిలోని సిలికా ఊపిరితిత్తులకు చేటు. బల్లను తడి స్పాంజితో తుడవండి.

గిన్నెలను వారం పాటు నీడలో ఆరనివ్వండి. వచ్చే భాగంలో వాటిని సుమారు 1000 డిగ్రీల సెల్సియస్ దగ్గర తొలిసారి కాల్చి, పారదర్శకమైన గ్లేజు (గాజులాంటి పూత) వేద్దాం.