క్లాస్‌మేట్ రాసింది చదివి ఏం చెప్పాలి? కొన్ని చిక్కులు, వాటి విరుగుడు

సమస్య: "బాగుంది" అన్న తర్వాత ఇంకేమీ తోచడం లేదు.
ఒక్కసారే చదివి, వెంటనే తీర్పు చెప్పబోతే ఇలాగే ఉంటుంది. మొదటిసారి పెన్ను పక్కన పెట్టి చదవండి. రెండోసారి మీరు ఎక్కడ ఆగారో, ఏ వాక్యాన్ని మళ్లీ చదవాల్సి వచ్చిందో అక్కడ చిన్న గీత పెట్టండి. మీరు చెప్పాల్సింది ఆ గీతల దగ్గరే ఉంటుంది. "మూడో పేరాలో 'అతను' అంటే తండ్రా, కొడుకా అని తికమకపడ్డాను" అంటే చాలు, ఎక్కడ సరిచేయాలో వాళ్లకే తెలుస్తుంది.

సమస్య: పేజీ నిండా దిద్దాను, అయినా వ్యాసం మెరుగుపడలేదు.
మీరు దిద్దినవన్నీ ఒత్తులు, దీర్ఘాలే అయి ఉంటాయి. అవి ఇట్టే కంటపడతాయి, దిద్దితే ఏదో పని చేసినట్టూ ఉంటుంది. కానీ రేపు మొత్తంగా తీసేయాల్సిన పేరాలో ఒత్తులు దిద్ది లాభమేంటి? ముందు విషయం, తర్వాత పేరాల వరస, ఉదాహరణలు చూడండి. అక్షరదోషాలు చివర్లో. ఒకే తప్పు పదిసార్లు వస్తే ఒకచోట చూపించి వదిలేయండి.

విషయాన్ని పరీక్షించడానికి నేను చేసే పని ఒకటుంది. కాగితం మూసేసి, "ఈ వ్యాసం చెప్పేది ఇదీ" అని ఒక్క వాక్యం రాసి వాళ్లకు చూపిస్తాను. "నేను చెప్పింది అది కాదే!" అన్నారంటే అసలు లోపం దొరికినట్టే. ఆ వాక్యం రాయడం నా వల్లే కాకపోయినా అంతే.

సమస్య: చెప్పగానే ముఖం మాడ్చుకున్నారు.
"నీకు ముగింపు రాయడం రాదు" అన్నారా? అది మనిషి మీదకు వెళ్లింది. "ముగింపులో కొత్త విషయం మొదలైంది, ఇంకో పేజీ ఉందేమో అనుకున్నా" అని చూడండి. ముందూ వెనకా పొగిడి మధ్యలో విమర్శ దాచే పద్ధతి మాత్రం నాకు నచ్చదు. పొగడ్త వినగానే "కానీ" ఎప్పుడొస్తుందా అని టెన్షన్ పడతారు. నిజంగా నచ్చిన వాక్యం ఉంటే, ఎందుకు నచ్చిందో దాని పక్కనే రాయండి.

సమస్య: తిరగరాసిన వ్యాసం అచ్చం నేను రాసినట్టే ఉంది.
వాక్యాలు మీరే మార్చి ఇచ్చారన్నమాట. ఈసారి "ఇక్కడ ఆమెకు కోపం ఎందుకొచ్చింది?" అని అడిగి ఊరుకోండి.

సమస్య: నేను చెప్పినవేవీ పట్టించుకోలేదు.
ఒకేసారి పదిహేను చెప్పి ఉంటారు. ముఖ్యమైనవి రెండు మూడు చాలు. అవీ మార్చలేదా? వాళ్ల వ్యాసం, వాళ్లిష్టం.