సంక్రాంతి పిండివంటలు పిల్లలకు ఎలా పెట్టాలి?

భోగికి నాలుగు రోజుల ముందే ఇంట్లో పాకం వాసన మొదలవుతుంది. దాంతోపాటే మనకు టెన్షన్ కూడా. పిల్లలు డబ్బా దగ్గరే తిరుగుతారు, అన్నం ముట్టరు. నేనూ రెండు పండగలు అరిసెల డబ్బా అటక మీద దాచాను. మా వాడి చూపు రోజంతా అటక మీదే ఉండేది. తర్వాత పద్ధతి మార్చుకున్నాం.

1. వండేటప్పుడే పిల్లల్ని కలుపుకోండి
పాకం, నూనె మూకుడు దగ్గరికి రానివ్వద్దు. సున్నుండలు, పాకం పట్టకుండా చేసే నువ్వుండలు చుట్టడం మాత్రం వాళ్లకు అప్పగించండి. చిన్న చేతులతో చుడితే ఉసిరికాయంత ఉండలే వస్తాయి, పిల్లలకు ఆ సైజు చాలు. అరిసెలు కూడా కొన్ని చిన్నవిగా వత్తి విడిగా పెట్టుకోండి.

2. అన్నంతోపాటే కంచంలో పెట్టండి
అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. "పప్పన్నం అంతా తింటేనే అరిసె" అన్నామంటే పప్పన్నం శిక్ష, అరిసె బహుమతి అయిపోతాయి. పప్పు, కూర, పెరుగు వడ్డించి, పక్కనే ఒక చిన్న అరిసె పెట్టేయండి. ముందు అదే తిన్నా ఏమీ అనకండి. మొదటి రెండు మూడు రోజులు స్వీటే ముందు మాయమవుతుంది. అది రేపూ ఉంటుందని నమ్మకం కుదిరాక చేయి మెల్లగా అన్నం వైపు వెళ్తుంది. మా ఇంట్లో దీనికి వారం పట్టింది.

అందకుండా పెడితే ఆశ పెరుగుతుందన్నది పరిశోధనల్లోనూ కనిపించింది. 1999లో అమెరికాలో ఫిషర్, బర్చ్ అనే పరిశోధకులు చిన్నపిల్లలకు ఒక తినుబండారాన్ని ఎదురుగా పెట్టి, అందకుండా ఉంచారు. పిల్లలు పదేపదే దాని గురించే మాట్లాడారు, దాన్నే అడిగారు.

3. మిగతా తీపి తగ్గించండి
మొత్తం కేలరీల్లో బయటి నుంచి కలిపే చక్కెర పదో వంతు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఐదేళ్ల పిల్లలు రోజుకు 1,300 కేలరీలు తింటారనుకుంటే, అది దాదాపు 32 గ్రాములు, అంటే ఎనిమిది టీస్పూన్లు. బెల్లం కూడా ఈ లెక్కలోకే వస్తుంది, "బెల్లమే కదా" అని వదిలేయడానికి లేదు. అలాగని పండగ పూట అరిసెను తూకం వేయక్కర్లేదు. ఆ వారం కూల్‌డ్రింకులు, క్రీమ్ బిస్కెట్లు కొనడం మానేయండి. 200 మిల్లీలీటర్ల కోలాలోనే 20 గ్రాముల దాకా చక్కెర ఉంటుంది. కోత పెట్టాల్సింది దానికి, అమ్మమ్మ చేసిన సున్నుండకు కాదు. సున్నుండలో కనీసం మినప్పప్పు ఉంటుంది.

4. పెద్దవాళ్లతో ముందే మాట్లాడండి
"పండగ పూట పిల్లాడి నోరు కడతావేంటే?" అని మా అమ్మ కోప్పడింది. "కట్టడం లేదమ్మా, భోజనంలోనే పెడుతున్నా. మధ్యలో వాడు ఏడ్చాడని మాత్రం ఇవ్వకు" అన్నాను. ఒప్పుకుంది. ఏడుపు ఆపడానికి స్వీటు ఇస్తే పండగ వెళ్లిపోయినా ఆ అలవాటు ఉండిపోతుంది.

5. వయసు చూసి పెట్టండి
రెండేళ్లలోపు పిల్లలకు తీపి కలిపినవి అలవాటు చేయకపోవడమే మంచిది. నాలుగైదేళ్ల లోపు వాళ్లకు గట్టి పల్లీ చిక్కీ, పల్లీ ఉండలు ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. పల్లీలు, నువ్వులు పడని పిల్లలుంటే, పక్కింటి నుంచి వచ్చిన కవర్లో ఏముందో అడిగాకే పెట్టండి.

6. రాత్రి పళ్లు తోమించండి
పాకం ఉండలు పళ్ల సందుల్లో అంటుకుపోతాయి. తిన్న వెంటనే నీళ్లతో పుక్కిలించమనండి. పడుకునే ముందు ఫ్లోరైడ్ పేస్టుతో మీరే దగ్గరుండి తోమించండి, వెనక పళ్లు పిల్లలకు సరిగా అందవు.