కృపను అందుకుని యేసును వెంబడించడం ఎలా? జక్కయ్య దగ్గర నేర్చుకుందాం

ఆదివారం కృప మీద, అంటే మన అర్హత చూడకుండా దేవుడు చూపే దయ మీద ప్రసంగం వింటాం. సోమవారం ప్రార్థన మాత్రం బేరంతో మొదలవుతుంది: "ప్రభువా, ఈ ఒక్క పని జరిగేలా చూడు, ఇకనుంచి బుద్ధిగా ఉంటాను." ఈ అలవాటు పోవాలంటే జక్కయ్య కథ ఉన్న లూకా సువార్త 19వ అధ్యాయంలోని మొదటి 10 వచనాలు తీసుకుని ఒక వారం వాటితోనే గడపండి. ఏడాదిలో బైబిలంతా పూర్తిచేసే పట్టిక ఉంటే, ఆ వారానికి పక్కన పెట్టండి.

1. కాస్త వెనక నుంచి చదవండి. 18వ అధ్యాయం 18వ వచనం దగ్గర మొదలుపెట్టండి, గొంతు విప్పి చదవండి. చిన్నప్పటినుంచీ ఆజ్ఞలన్నీ పాటించానన్న ధనవంతుడు ఆస్తి వదులుకోమనేసరికి దుఃఖపడ్డాడు. ఆ తర్వాత యెరికో దారి పక్కన ఒక గుడ్డివాడు కరుణించమని కేకలు వేశాడు. జక్కయ్య వచ్చేది వీళ్లిద్దరి తర్వాతే. సుంకపు గుత్తదారు, డబ్బున్నవాడు, పొట్టివాడు. రోమా పాలనలో సుంకం వసూలు చేసేవాళ్లంటే యూదులకు గిట్టేది కాదు. అంతటివాడు యేసును చూడాలని పరుగెత్తి మేడిచెట్టు ఎక్కాడు.

2. పెన్సిల్‌తో రెండు గీతలు గీయండి. ఒకటి 5వ వచనం కింద: "జక్కయ్యా, త్వరగా దిగుము, నేడు నేను నీ యింట నుండవలసియున్నది." రెండోది 8వ వచనం కింద. ఆస్తిలో సగం బీదలకిస్తాననీ, ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుంటే నాలుగంతలు తిరిగిస్తాననీ జక్కయ్య చెప్పిన మాట అక్కడుంది.

ఈ రెండు గీతల వరుస చూడండి. ముందు లెక్కలు సరిచేసుకో, తర్వాత వస్తానని యేసు అనలేదు. పాపి ఇంటికి వెళ్లాడని 7వ వచనంలో జనం సణిగింది కూడా అందుకే. జక్కయ్య అప్పటికింకా ఏమీ తిరిగివ్వలేదు, ఇస్తానని మాట కూడా ఇవ్వలేదు. ఎఫెసీ 2:8లో పౌలు చెప్పింది ఇదే: "ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే." రెండు వచనాలు దాటగానే సత్క్రియల మాట కూడా ఎత్తాడు. అక్కడా వరుస అదే. నన్నడిగితే, ఈ వరుస మనసుకు పట్టేదాకా మూడో మెట్టు ఎక్కకపోవడమే మంచిది.

3. అడగకుండా ప్రార్థించండి. జక్కయ్య "సంతోషముతో ఆయనను చేర్చుకొనెను" అంటుంది 6వ వచనం. ఆ పూట కోరికల చిట్టా విప్పకండి, ఉపవాసం ఉంటానని మొక్కుకోకండి. ఎవరికీ చెప్పని విషయం ఒకటి ఉంటుంది కదా, దాన్ని ఉన్నదున్నట్టు దేవుడికి చెప్పి, క్షమించినందుకు స్తోత్రం చెప్పి లేవండి.

4. బాకీల చీటీ రాయండి. దొంగిలించిన గొర్రెకు నాలుగు ఇవ్వాలని నిర్గమకాండం 22లో ఉంది. అన్యాయంగా తీసుకున్నదాన్ని ఒప్పుకుంటే, దానికి అయిదో వంతు కలిపి ఇస్తే సరిపోతుందని లేవీయకాండం 6 చెబుతుంది. జక్కయ్య పెద్ద లెక్కే ఎంచుకున్నాడు, అదీ ఎవరూ అడగకుండానే. మీ చీటీలో ఏముంటాయో మీకే తెలియాలి: కాటాలో కొట్టేసిన కిలోలు, పనిమనిషి జీతంలో కోసిన రోజులు, తమ్ముడి వైపు జరిపిన పొలం గట్టు. వాటిలో ఈ వారమే తీర్చగలిగిన దానితో మొదలుపెట్టండి.

దేవుడు మీలో చేసిన పని గురించి సంఘంలో సాక్ష్యం చెప్పాలనుకుంటే తిరిగిచ్చాక చెప్పండి, ముందు కాదు. మైకు దగ్గర చప్పట్లు అందుకున్న తర్వాత డబ్బు ఇవ్వడం ఎందుకో వాయిదా పడుతూ ఉంటుంది.

5. మర్నాడూ ఇదే. ప్రతిదినం సిలువ ఎత్తుకోమని లూకా 9:23. నిన్న తప్పిపోతే మళ్లీ 5వ వచనం దగ్గరికే వెళ్లండి, 8 దగ్గరికి కాదు.

బాకీ తీర్చినా అవతలివాళ్లు ముఖం తిప్పుకోవచ్చు. యెరికో జనం సణగడం మానేశారని లూకా ఎక్కడా రాయలేదు. వాళ్లను ఒప్పించాలని వాదనకు దిగకుండా, ఇవ్వాల్సింది చేతిలో పెట్టి వచ్చేయండి.