చిన్నపిల్లలకి బొమ్మ కొనేముందు ఇవి చూసుకోండి

బొమ్మల షాపులో అడుగుపెట్టగానే ముందు కంటపడేవి లైట్లు వెలిగేవి, పాటలు పాడేవి, మీట నొక్కితే గిరగిరా తిరిగేవి. పిల్లలు వాటికేసే చెయ్యి చాపుతారు, అది సహజం. కానీ డబ్బులిచ్చేది మనం కదా, బిల్లు వేయించేముందు ఆ బొమ్మని చేతిలోకి తీసుకుని ఒక్క సంగతి ఆలోచించండి. మీట నొక్కేశాక పిల్లకి చెయ్యడానికి ఇంకేం మిగిలింది? పాడేదీ, ఆడేదీ, తిరిగేదీ బొమ్మే అయితే పిల్ల పక్కన కూర్చుని చూడటం తప్ప చేసేదేమీ ఉండదు, నాలుగు రోజులకి మొహం మొత్తి బొమ్మ మంచం కిందకి చేరుతుంది. ధర ఎంత, డబ్బా ఎంత పెద్దది, దాని మీద 'ఎడ్యుకేషనల్' అని రాసుందా లేదా అన్నవన్నీ దీని తర్వాతే.

లక్కపిడతలనే తీసుకోండి. బుల్లి పొయ్యి, గిన్నె, గరిటె, బిందె, తిరగలి, అంతే. ఒక్కటీ దానంతట అది కదలదు, చప్పుడు చెయ్యదు. వాటిని మూడేళ్ళ పిల్ల ముందు పెట్టి కాసేపు పక్కన కూర్చోండి. గిన్నెలో నాలుగు ఆకులు తుంచి వేస్తుంది, గరిటెతో తిప్పుతుంది, మీరు చెయ్యి పెట్టబోతే 'కాలుతుంది, ఆగు' అంటుంది. ఖాళీ గ్లాసు చేతికిచ్చి తాగమంటుంది, తాగినట్టు చెయ్యకపోతే ఊరుకోదు, పైగా 'పంచదార సరిపోయిందా' అని అడుగుతుంది. ఇంకాసేపటికి గరిటె మైకవుతుంది, బోర్లించిన గిన్నె బొమ్మ నెత్తిన టోపీ అవుతుంది. ఇందులో బొమ్మ చేసిందేమీ లేదు, అంతా పిల్ల బుర్రలోంచి వచ్చిందే. ముందు నీళ్ళు, తర్వాత బియ్యం అనే వరస, ఎదుటి మనిషికి వడ్డించడం, ఇంట్లో విన్న మాటల్ని తను వాడి చూసుకోవడం, అన్నీ ఈ ఆటలోనే జరిగిపోతాయి. ఇవి ఆడపిల్లల బొమ్మలని మగపిల్లలకి ఇవ్వనివాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది. ఇచ్చి చూడండి, వాళ్ళూ ఇంతే ఇదిగా ఆడతారు.

ఇక బిల్డింగ్ బ్లాక్స్. ఒక్కటే బొమ్మ కొనగలం అనేవాళ్ళకి నేను వీటినే కొనమంటాను, ఏడాదిన్నరకి మొదలుపెట్టిన పిల్లలు బడికి వెళ్ళే వయసొచ్చినా వీటిని వదలరు. కాకపోతే సెట్టుకీ సెట్టుకీ చాలా తేడా ఉంటుంది. కరొలైన్ ప్రాట్ అనే అమెరికన్ టీచరు వందేళ్ళ కిందట రూపొందించిన చెక్క దిమ్మల కొలతలు చూడండి, మందానికి రెట్టింపు వెడల్పు, వెడల్పుకి రెట్టింపు పొడవు. సగం దిమ్మలు రెండు కలిపి పెడితే ఒక పూర్తి దిమ్మకి సరిగ్గా సరిపోతాయి. పిల్లాడు గోడ కడుతుంటే పెద్ద దిమ్మ ఒకటి తక్కువైందనుకోండి, కాసేపు అటూ ఇటూ చూసి రెండు చిన్నవి పెట్టి ఖాళీ పూడ్చేస్తాడు. భిన్నాల పాఠం రావడానికి ఇంకా చాలా ఏళ్ళుంది, రెండు సగాలు ఒకటవుతాయని మాత్రం వాడి చేతికి అప్పుడే తెలిసిపోయింది. చవకరకం సెట్లలో ఈ లెక్క ఉండదు, ఒక్కోటీ ఒక్కో సైజు, అంచులు వంకర. షాపువాళ్ళు డబ్బా తెరవనిస్తే ఐదారు దిమ్మలు ఒకదాని మీద ఒకటి నిలబెట్టి చూడండి. మీ చేతిలోనే ఊగిపోతుంటే పిల్లల చేతిలో అసలు నిలబడవు, వాళ్ళకి విసుగొచ్చి వదిలేస్తారు.

ప్లాస్టిక్ వాటిలో లెగో వాళ్ళు 1969లో తెచ్చిన డూప్లో ఇటుకని నేను బాగా మెచ్చుకుంటాను. మామూలు లెగో ఇటుకకి పొడవు, వెడల్పు, ఎత్తు మూడిట్లోనూ అది రెట్టింపు, చిన్నపిల్లలు మింగేంత చిన్నది కాదు, అయినా పెద్దయ్యాక కొనే చిన్న ఇటుకలు దాని మీద అతుక్కుంటాయి, కాబట్టి పాత సెట్ వృథా పోదు. ధర ఎక్కువే. వేరే కంపెనీవి కొనేటట్టయితే రెండు ముక్కలు అతికించి మళ్ళీ ఊడదీసి చూడండి, మీకే బలం పెట్టాల్సి వస్తే రెండేళ్ళ వేళ్ళకి అది కుదిరే పని కాదు.

గుండ్రం, చదరం, మూడు పలకల కన్నాల్లోంచి ఆ ఆకారం దిమ్మల్ని వేసే డబ్బాలు ప్రతి షాపులోనూ ఉంటాయి. వీటిలో ఒక లోపం చాలామంది గమనించరు. చదరపు దిమ్మ కాస్త చిన్నగా ఉంటే గుండ్రటి కన్నంలోంచి కూడా దిగిపోతుంది. అలా ఏది ఎందులోనైనా పడిపోతుంటే ఇక పిల్ల ఆలోచించాల్సిన అవసరమే లేదు, కాబట్టి కొనేముందు ప్రతి దిమ్మనీ వేరే కన్నాల్లో పెట్టి చూడండి, పట్టకూడదు. తప్పు పెద్దవాళ్ళు చెప్పక్కర్లేకుండా వస్తువే చెప్పాలన్నది ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి పద్ధతిలో ముఖ్యమైన విషయం. ఆవిడ 1939లో మద్రాసు వచ్చి ఇక్కడి టీచర్లకి శిక్షణ కూడా ఇచ్చారు. ఇప్పుడు ఆ పేరు ఎవరు పడితే వాళ్ళు డబ్బా మీద వేసుకుంటున్నారు, అందుకని పేరు చూసి కొనకండి, కన్నంలో దిమ్మ పెట్టి చూసి కొనండి.

వయసు సంగతి. పసిపిల్లలకి గిలక్కాయ చాలు, పిడి సన్నగా వాళ్ళ గుప్పిట్లో ఇమిడేలా ఉండాలి, జారి మొహం మీద పడినా దెబ్బ తగలనంత తేలిగ్గా ఉండాలి. నడక మొదలయ్యే వయసులో మన పాతకాలపు మూడు చక్రాల చెక్క బండి చాలా మంచిది, పిల్లలు నిలబడి తోసుకుంటూ తమ బలం మీద నడుస్తారు. మధ్యలో కూర్చోబెట్టే చక్రాల వాకర్ మాత్రం వద్దు. మెట్ల మీంచి పడిపోవడం లాంటి ప్రమాదాల వల్ల కెనడాలో 2004లోనే వాటి అమ్మకం నిషేధించారు. రెండేళ్ళు దాటాక లక్కపిడతలు, దిమ్మలు, పిండి ముద్ద, పెద్ద పూసలు గుచ్చే ఆట, ఇలా ఎన్నైనా ఉన్నాయి. ట్యాబ్ లో వచ్చే ఆటల్ని బొమ్మల లెక్కలో వెయ్యకండి. రెండేళ్ళు నిండని పిల్లలకి స్క్రీన్ అసలు వద్దనీ, ఆపైన ఐదేళ్ళలోపు రోజుకి గంటకి మించొద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

ఇప్పుడు అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సిన విషయం. మూడేళ్ళలోపు పిల్లలు ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటారు. అట్టముక్క మీద 3.2 సెంటీమీటర్ల అడ్డుకొలతతో గుండ్రంగా కన్నం కోసి ఇంట్లో ఉంచుకోండి. బొమ్మగానీ, దాన్నుంచి ఊడొచ్చే ముక్కగానీ అందులోంచి దూరిపోతే ఆ బొమ్మ ఇవ్వకండి. బంతులకైతే 4.4 సెంటీమీటర్ల కన్నం కావాలి, టేబుల్ టెన్నిస్ బంతి 4 సెంటీమీటర్లే కాబట్టి అది కూడా ఈ వయసుకి పనికిరాదు. మెత్తటి బొమ్మల కళ్ళు, కారు చక్రాలు కొనేముందే గట్టిగా లాగి చూడండి, మొహమాటపడకండి. ఉయ్యాల్లో ఉండే పిల్లల బొమ్మలకి జానెడుకి మించి తాడు ఉండకూడదు. బటన్ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోపే ఆహారనాళం కాలిపోవచ్చు, అందుకని బ్యాటరీ మూతకి తప్పనిసరిగా స్క్రూ ఉండాలి. మింగారని అనుమానం వచ్చినా సరే, ఇంట్లో చిట్కాలు వెయ్యకుండా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి. చిన్న అయస్కాంతాలు రెండు మింగితే పేగుల మధ్య ఒకదాన్నొకటి లాక్కుని పేగుకే చిల్లు పెడతాయి. నీళ్ళలో వేస్తే ఉబ్బే రంగురంగుల జెల్ గోళీలు కడుపులోకి వెళ్ళినా అలాగే ఉబ్బుతాయి. ఈ రెండూ చిన్నపిల్లలున్న ఇంట్లోకి రానివ్వకండి.

మన దేశంలో 14 ఏళ్ళలోపు పిల్లల బొమ్మలకి 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. గుర్తు పైన ఐఎస్ 9873 అనో, కరెంటు లేదా బ్యాటరీ బొమ్మ అయితే ఐఎస్ 15644 అనో ఉంటుంది, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్స్ నంబరు ఉంటుంది. ఆ నంబరు ఈ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ళ 'బీఐఎస్ కేర్' యాప్ లో కొడితే అసలుదో కాదో తెలిసిపోతుంది, షాపులో నిలబడే చూసుకోవచ్చు. తిరునాళ్ళలో తోపుడు బండ్ల మీద అమ్మే ప్లాస్టిక్ బొమ్మల మీద గుర్తు కనపడకపోతే, ఎంత చవకైనా, నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకి కొనకండి.

మరి ఏటికొప్పాక బొమ్మల మీద ఈ గుర్తు లేదేమిటి అని అడుగుతారు. నమోదైన హస్తకళాకారులు చేసేవాటికీ, జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు ప్రత్యేక సరుకని ఇచ్చే గుర్తింపు, పొందిన బొమ్మలకీ ఆ నిబంధన నుంచి మినహాయింపు ఉంది, ఏటికొప్పాకకి 2017లో జీఐ వచ్చింది. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఊరది. అక్కడివాళ్ళు మెత్తటి అంకుడు కర్రని యంత్రం మీద తిప్పుతూ తరిణె పడతారు, తిరుగుతున్న కర్రకి రంగు లక్క కడ్డీని ఆనిస్తే ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రని పట్టుకుంటుంది. బ్రష్షుతో వేసిన రంగులా పొరలు లేవదు. ఆ రంగులు కూడా పసుపు, జాఫ్రా గింజలు, నీలిమందు లాంటి వాటినుంచి తీసినవి. ఈ సహజ రంగుల పద్ధతిని మళ్ళీ నిలబెట్టినందుకు ఆ ఊరి సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. అంచులు ఉండవు, అన్నీ గుండ్రని వంపులే, బొంగరమైనా బిందైనా చేతిలో నున్నగా ఇమిడిపోతుంది. అయితే ఆ పేరు చెప్పి రసాయన రంగులవీ అమ్ముతుంటారు, కాబట్టి ఏ రంగులు వాడారో అడగండి, తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి, రంగు అంటితే వద్దు. లక్కపిడతల సెట్లలో మరీ చిన్న ముక్కలుంటాయి, మూడేళ్ళలోపు పిల్లలైతే వాటిని తీసి దాచి మిగతావి ఇవ్వండి.

కొండపల్లి బొమ్మలంటే నాకు ప్రాణం. కానీ అవి బొమ్మల కొలువులో పెట్టేవి, పసిపిల్లల చేతికిచ్చేవి కావు. తెల్ల పొణికి చాలా తేలిక చెక్క, చేతులూ కాళ్ళూ విడిగా చెక్కి చింతగింజల పిండితో చేసిన మక్కుతో అతికిస్తారు, పైన రంగులు పూస్తారు. గట్టిగా నేలకి కొడితే విరుగుతాయి, నోట్లో పెట్టుకుంటే రంగు పోతుంది. నిర్మల్ బొమ్మలకీ అదే మాట. ఐదారేళ్ళొచ్చాక కొలువు సర్దేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని చేతికివ్వండి, ఎడ్లబండినీ అంబారీ ఏనుగునీ చూపిస్తూ కథలు చెప్పండి.

అన్నీ కొనక్కర్లేదు. రెండు తాటిబుర్రలు, ఒక పుల్ల, పొడుగాటి కర్ర ఉంటే బండి తయారు, దాన్ని తోసుకుంటూ వీధంతా తిరుగుతారు. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె ఇస్తే వారం రోజులు ఇల్లవుతుంది, బస్సవుతుంది. కాస్త పెద్ద పిల్లలుంటే, పారేసే వస్తువులతో బొమ్మలు చెయ్యడం నేర్పే అరవింద్ గుప్తా గారి బొమ్మలు చూడండి, అగ్గిపుల్లల్ని సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో కలిపి ఇళ్ళూ ఆకారాలూ కట్టడం లాంటివి వందలకొద్దీ ఆయన ఉచితంగా పెట్టారు.

పుట్టినరోజు వస్తోందంటే అత్తయ్యలకీ బాబాయిలకీ ముందే ఫోన్ చేసి ఏం కావాలో చెప్పేయండి, అమెరికా నుంచి వచ్చేవాళ్ళకి మరీ ముందుగా చెప్పాలి, వాళ్ళు సూట్ కేసు నిండా బ్యాటరీ బొమ్మలు తెచ్చాక కాదంటే బాగుండదు. తలా ఒకటి తెచ్చే బదులు అందరూ కలిసి ఒక మంచి దిమ్మల సెట్ కొనివ్వమనండి. వచ్చినవన్నీ ఒకేసారి ముందు పోయకండి, నాలుగైదు బయట ఉంచి మిగతావి అటక మీద పెట్టి, కొన్నాళ్ళకి మార్చండి. విరిగిన బొమ్మని మళ్ళీ బుట్టలో పడేయకుండా అప్పుడే తీసేయండి, చీలిన ప్లాస్టిక్ అంచు కత్తిలా కోస్తుంది. లక్క బొమ్మల్ని నీళ్ళలో నానబెట్టకండి, తడిగుడ్డతో తుడిచి నీడలో ఆరనిస్తే చాలు, ఎండాకాలంలో కారులో మాత్రం వదిలెయ్యకండి, వేడికి లక్క మెత్తబడుతుంది.