నేలలోని వేడి ఇంట్లోకి – 4వ పాఠం: పూడ్చకముందే చూసుకోండి

మూడో పాఠం చివర ఇచ్చిన లెక్క చేసి ఉంచారనుకుంటాను. గోడలు, కిటికీలు, పైకప్పు, తలుపు సందులు అన్నీ కలిపి, ఏడాదిలో అతి చలిగా ఉండే రోజున ఇల్లు ఎంత వేడి పోగొట్టుకుంటుందో తేల్చమన్నాను. ఈ పాఠానికి 8 కిలోవాట్ల ఇంటిని ఉదాహరణగా తీసుకుందాం. మీ అంకె వేరైతే 8 కనిపించిన చోటల్లా దాన్ని వేసుకుంటూ చదవండి.

ఈసారి పని మట్టిలో. పెరట్లో పూడ్చిన గొట్టంలో తిరిగే నీరు నేలలోని వేడిని హీట్ పంపుకు తెస్తుంది, ఆ యంత్రం దాన్ని ఇంకా పెంచి ఇంట్లోకి పంపుతుంది. హీట్ పంపు మొరాయిస్తే మూత విప్పి చూడొచ్చు, గొట్టంలో నీటిని తిప్పే సర్క్యులేషన్ పంపు పోతే కొత్తది బిగించొచ్చు. నేలలో పూడ్చిన నాలుగు వందల మీటర్ల గొట్టంలో తేడా వస్తే మాత్రం పెరడంతా మళ్లీ తవ్వాల్సిందే. అందుకే ఈ పాఠంలో గొట్టం పరవడం కన్నా, మట్టి కప్పేముందు ఆగి చూసుకోవాల్సిన వాటికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ముందు నేల ఎంత ఇవ్వగలదో చూద్దాం. 8 కిలోవాట్లూ నేలే ఇవ్వక్కర్లేదు. హీట్ పంపు సీఓపీ 4 అంటే, ఒక పాలు కరెంటు తీసుకుని నాలుగు పాళ్ల వేడి ఇస్తుందని అర్థం. అంటే 2 కిలోవాట్లు హీట్ పంపులోని కంప్రెసర్ తీసుకునే కరెంటు నుంచి, మిగతా 6 నేల నుంచి. ఇక్కడ చాలామంది తడబడతారు. యంత్రం ఎంత మెరుగైతే నేల మీద భారం అంత పెరుగుతుంది. సీఓపీ 5 అయితే నేల 6.4 కిలోవాట్లు ఇవ్వాలి, 3 అయితే 5.3 చాలు. మంచి యంత్రం కొన్నాం కదా, గొట్టం తగ్గించుకుందాం అనుకుంటే లెక్క తలకిందులవుతుంది.

మరి చదరపు మీటరు నేల ఎన్ని వాట్లు ఇస్తుంది? జర్మన్ ఇంజనీర్ల సంఘం వారి వీడీఐ 4640 మార్గదర్శకం 2001 ముద్రణలో అడ్డంగా పరిచే గొట్టాలకు అంకెలుండేవి. ఏడాదికి 2400 గంటలు నడిచే హీట్ పంపుకు పొడి ఇసుక నేల 8 వాట్లు, తేమ పట్టిన బంకమట్టి 16 నుంచి 24, నీళ్లతో నిండిన ఇసుక లేదా గులకనేల 32. అవి అక్కడి వాతావరణానికి రాసినవి కాబట్టి, మీ ప్రాంతానికి వేరే అంకెలు ఉంటే వాటినే వాడండి. కానీ వాటి మధ్య ఉన్న తేడా చూడండి. ఒకే గొట్టం, ఒకే యంత్రం, నేల మారితే నాలుగింతల తేడా. అదంతా నీటి మహిమ. పొడి ఇసుకలో రేణువుల మధ్య గాలి ఉంటుంది, గాలి వేడిని చేరవేయదు. ఆ సందుల్లోకి నీరు చేరితే వేడికి దారి దొరుకుతుంది.

మన ఉదాహరణలో తేమ బంకమట్టి అనుకుని 20 వాట్లు వేద్దాం. 6000ను 20తో భాగిస్తే 300 చదరపు మీటర్లు. అదే ఇల్లు పొడి ఇసుక మీద ఉంటే 750. గొట్టానికీ గొట్టానికీ మధ్య 75 సెంటీమీటర్లు వదిలితే 300 చదరపు మీటర్లలో 400 మీటర్ల గొట్టం పడుతుంది. దాన్ని వంద మీటర్ల చొప్పున నాలుగు చుట్లు చేద్దాం. ఒకే పొడవైన గొట్టమైతే నీటిని నెట్టడానికే పంపు అలిసిపోతుంది. నాలుగు చుట్ల పొడవూ సమానంగా ఉండాలి. లేకపోతే నీరు పొట్టి దారినే పట్టుకుని పోతుంది.

అంత చోటు లేనివాళ్లకు బోరు. మామూలు నేలలో మీటరు లోతుకు 50 వాట్లు అని మొదటి అంచనాగా వేసుకుంటారు. 6 కిలోవాట్లకు 120 మీటర్లు, లేదా ఆరేడు మీటర్ల ఎడంతో అరవై మీటర్ల బోర్లు రెండు. డ్రిల్లింగ్ మన చేతి పని కాదు కాబట్టి ఈ ధారావాహికలో బోరు సంగతి ఇంతటితో సరి.

కందకం లోతు 1.2 మీటర్లు చాలు, మరీ లోతుకు పోవద్దు. అడ్డంగా పరిచిన గొట్టానికి వేడి భూగర్భం నుంచి రాదు. అది వేసవిలో ఎండ, వాన పైనుంచి దాచిపెట్టిన వేడి. అందుకే దాని మీద షెడ్డు కట్టకూడదు, సిమెంటు చేయకూడదు, లోతుగా వేళ్లు దింపే చెట్లు నాటకూడదు. గడ్డి పెంచుకోండి. తాగునీటి పైపులకు, పునాదికి కనీసం మీటరు దూరంలో ఉంచండి. చలికాలం చివరికి గొట్టం చుట్టూ మట్టి గడ్డకట్టడం మామూలే, ఆ గడ్డ మీ నీటి పైపు దాకా పాకకూడదు.

గొట్టం 32 మిల్లీమీటర్ల పీఈ100 (గట్టి పాలిథీన్), ఎస్‌డీఆర్ 11 (బయటి వ్యాసం గోడ మందానికి 11 రెట్లు) రకం. మట్టి కింద అతుకు లేకుండా ఒక్కో చుట్టూ ఒకే కాయిల్‌గా కొనండి. రెండు కొసలూ మానిఫోల్డ్ (చుట్లన్నీ వచ్చి కలిసే వాల్వుల పెట్టె) దగ్గరే పైకి తేలాలి. తప్పనిసరై అతకాల్సి వస్తే ఫ్యూజన్ వెల్డింగే (గొట్టాన్ని వేడితో కరిగించి అతకడం) చేయాలి, అదీ గొట్టం పైపొరను గీకి శుభ్రం చేశాకే. బిగించే కప్లింగులు నేలలో వద్దు.

ఇంకో సంగతి ఎండది. పాలిథీన్ మీటరుకు, డిగ్రీకి సుమారు 0.2 మిల్లీమీటర్లు సాగుతుంది. ఎండలో 45 డిగ్రీలకు వేడెక్కిన వంద మీటర్ల గొట్టాన్ని బిగువుగా పరిచి పూడ్చారనుకోండి. అది 5 డిగ్రీలకు చల్లబడితే 80 సెంటీమీటర్లు కుదించుకోవాలని చూస్తుంది. లాగేది అతుకుల దగ్గరే. కాబట్టి కొంచెం వంకరటింకరగా, వదులుగా పరవండి. కొసలు కలిపే పని పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు పెట్టుకోండి.

అడుగున పది సెంటీమీటర్ల ఇసుక, పైన మళ్లీ ఇసుక, ఆపైన రాళ్లు ఏరిన మట్టి. ఒక్క రాయికి ఇంత హంగామా ఎందుకంటారా? నేను మొదటిసారి చేసినప్పుడు సాయంత్రం మబ్బు పట్టింది. వాన వస్తే కందకం అంచులు కూలతాయని హడావుడిగా ఒక చుట్టును పూడ్చేశాను. కారుతోందేమో చూసే ఒత్తిడి టెస్టు రేపు చేయొచ్చులే అనుకున్నాను. మర్నాడు ఒత్తిడి చూపే గేజు నిలవలేదు. రంధ్రం ఎక్కడుందో పైకి తెలియదు కదా. మూడు రోజులు పారతో, చేతులతో తవ్వితే మలుపు దగ్గర పదునైన రాయి గుచ్చుకుని కనిపించింది. ఆ రాత్రి వాన కూడా రాలేదు.

అందుకని వరస ఇలా ఉండాలి. గొట్టం పరిచాక, మట్టి వేయకముందు నీళ్లు నింపి 6 బార్ దాకా ఒత్తిడి ఎక్కించండి. ఎయిర్ కంప్రెసర్ గాలితో చేయొద్దు. గాలి స్ప్రింగులా నొక్కుకుని ఉంటుంది, అతుకు ఊడితే ప్రాణం మీదికి వస్తుంది. మొదటి గంటలో గేజు కొంచెం దిగుతుంది, కంగారు పడకండి. కారడం వల్ల కాదు, పాలిథీన్ సాగడం వల్ల. మళ్లీ ఎక్కించండి. సాగుడైతే దిగడం గంటగంటకూ నెమ్మదించి నిలుస్తుంది. కారుతుంటే దిగుతూనే ఉంటుంది. గేజు నిలిచాక ఒత్తిడిని 3 బార్‌కు తగ్గించి, అలాగే ఉంచి పూడ్చండి. రాయి గుచ్చుకుంటే ఏ బుట్ట మట్టి వేసినప్పుడు గుచ్చుకుందో గేజు అప్పుడే చెప్పేస్తుంది. నీళ్లు గడ్డకట్టే రాత్రులైతే మాత్రం వట్టి నీళ్లు వదిలి పోకండి.

పూడ్చేముందు ఫొటోలు తీయండి. ఫొటోలో కొలత టేపు కనపడాలి, ఇంటి మూల నుంచి ఎంత దూరమో చదవగలగాలి. ఒట్టి మట్టి ఫొటోలు పదేళ్ల తర్వాత మీకే అర్థం కావు. సగం పూడ్చాక హెచ్చరిక టేపు పరవడం మరిచిపోవద్దు.

ఇక గాలి వెళ్లగొట్టడం. నేలలోని పైపుల్లో గాలి బుడగలు ఎత్తు చోట్ల కూర్చుంటాయి. వాటిని ఊడ్చుకుపోవాలంటే నీరు సెకనుకు కనీసం 0.6 మీటర్ల వేగంతో పోవాలి. 32 మిల్లీమీటర్ల గొట్టంలో అది నిమిషానికి సుమారు 20 లీటర్లు. హీట్ పంపుతో వచ్చే చిన్న పంపు మన నాలుగు చుట్లకూ కలిపి నిమిషానికి 30 లీటర్లు తిప్పుతుందనుకోండి, చుట్టుకు ఏడున్నర. బుడగ కదలదు. అందుకే పెద్ద పంపు ఒకటి, తొట్టి ఒకటి అద్దెకు తెచ్చి, మూడు చుట్ల వాల్వులు మూసి ఒక్కొక్కటిగా కడగాలి. బుడగలు ఆగాక ఇంకో పావుగంట నడపండి. ఆ తర్వాత తిరిగివచ్చే వాల్వు మూసి ఒత్తిడి ఎక్కించి తొట్టిలో నీటిమట్టం చూడండి. వెంట్రుకవాసి దిగితే గొట్టం సాగినందుకు. బాగా దిగితే లోపల ఇంకా గాలి ఉన్నట్టే, ఎందుకంటే నీరు నొక్కుకోదు, గాలి నొక్కుకుంటుంది.

నీరు గడ్డకట్టకుండా కలిపే గ్లైకాల్ చివరన. మీటరుకు 0.53 లీటర్ల లెక్కన మన గొట్టంలో 212 లీటర్లు పడతాయి. 25 శాతం ప్రొపిలీన్ గ్లైకాల్ అంటే 53 లీటర్లు, మైనస్ 10 డిగ్రీల దాకా గడ్డకట్టదు. నీళ్లతో బయటే బాగా కలిపి పోయండి. విడిగా పోస్తే ఒక చుట్టులో చిక్కగా, ఇంకోదాంట్లో పలచగా మిగిలిపోతుంది. గ్లైకాల్ ఎంత ఉందో చూపే రిఫ్రాక్టోమీటర్‌తో నాలుగు చుట్లనూ విడివిడిగా చూడండి.

అభ్యాసం: పెరట్లో 1.2 మీటర్ల గొయ్యి ఒకటి తవ్వండి. అడుగు నుంచి గుప్పెడు మట్టి తీసి పిసకండి. ముద్ద కడుతోందా, రాలిపోతోందా, నీరు కారుతోందా? దాన్నిబట్టి పై అంకెల్లో ఒకటి ఎంచుకుని మీ ఇంటికి ఎన్ని చదరపు మీటర్లు కావాలో తేల్చండి. పెరడు పటం గీసి చెట్లు, సెప్టిక్ ట్యాంకు, డ్రైనేజీ లైన్లు కొట్టేయగా ఎంత మిగిలిందో పక్కన రాయండి. చోటు సరిపోకపోతే ఐదో పాఠానికి ముందే మూడో పాఠానికి వెనక్కి వెళ్లి, పైకప్పు ఇన్సులేషన్ పెంచి లెక్క మళ్లీ వేయండి. సరిపోతే ఆ పటంతో రండి, మానిఫోల్డ్ ఎక్కడ పెట్టాలో దాని మీదే గుర్తు పెడదాం.