వాల్వు బతికుందో లేదో చెప్పే చిన్న పెట్టె

కోనసీమ ఇళ్ల అటకల మీంచి దింపే పాత రేడియోల్లో ఈఎల్84, ఈసీహెచ్81 లాంటి తొమ్మిది కాళ్ల వాల్వులు (గాలి తీసేసిన గాజు గొట్టాలు) తరచూ కనిపిస్తాయి. అవి పనిచేస్తాయో లేదో చూసే పెట్టె ఇది. ముందు గాజు చూడండి. లోపల వెండిలా మెరవాల్సిన పూత పాలలా తెల్లబడితే గాలి దూరినట్టే, ఇక పరీక్ష దండగ. కాళ్ల చిలుము స్పిరిట్‌తో తుడవండి. నంబరు జోలికి మాత్రం పోకండి, చెరిగిపోతుంది. మసకబారిన నంబరు మీద నోటితో ఆవిరి ఊదితే ఒక్కోసారి తేలి కనిపిస్తుంది.

కావలసినవి: 6-0-6 ట్రాన్స్‌ఫార్మరు (2 ఆంపియర్లు), 12-0-12 ట్రాన్స్‌ఫార్మరు (500 మిల్లీ ఆంపియర్లు), 470 ఓమ్‌ల 2 వాట్ల రెసిస్టెన్సు, పుష్ బటన్, 230 వోల్టుల వైపు 250 మిల్లీ ఆంపియర్ల ఫ్యూజు, మల్టీమీటరు, సాకెట్టు. సాకెట్టు పింగాణీదే తీసుకోండి. పాత బేకలైటు మన ముసురుకి చెమ్మ పట్టి లీకేజీ చూపిస్తుంది, తప్పు వాల్వు మీద పడుతుంది.

కాళ్లను అడుగు నుంచి చూస్తూ, ఎడం ఎక్కువున్న చోటు నుంచి గడియారం దిశలో లెక్కపెట్టాలి. ఈఎల్84కి 6-0-6లో మధ్య తీగ, ఒక చివర కలిపి 6 వోల్టులు 4, 5 కాళ్లకి; అవి ఫిలమెంటువి (వాల్వును లోపల వేడిచేసే తీగ). 2, 7, 9 కలిపేయండి. 12-0-12లో మధ్య తీగ వదిలేసి, ఒక చివర కాథోడుకి (వేడెక్కి ఎలక్ట్రాన్లను వదిలే భాగం, 3వ కాలు), రెండో చివర బటన్, రెసిస్టెన్సు, మీటరు మీదుగా ఆ కలిపిన కాళ్లకి. మీటరు డీసీ 200 మిల్లీ ఆంపియర్లలో, నల్ల తీగ వాల్వు వైపు. మిగతా నంబర్లకి డేటాషీట్ (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) చూసి కాళ్లు మార్చుకోవాలి.

వాల్వు చల్లగా ఉండగానే ఓమ్‌మీటరుతో షార్టులు చూడటం మానొద్దు. 3కీ, ఆ కలిపిన కాళ్లకీ మధ్య షార్టుంటే పారేది ఏసీ. డీసీ మీటరు సున్నా చూపిస్తుంది, మీరేమో ఎమిషన్ (కాథోడు ఎలక్ట్రాన్లు వదలడం) పోయిందనుకుంటారు.

ఫిలమెంటు రెండు నిమిషాలు వెలిగాక 4, 5 మధ్య ఏసీ కొలవండి: 5.7కీ 6.9కీ మధ్య ఉండాలి. సాయంత్రం లైను 190కి పడితే 6 వోల్టులు 5కి దిగిపోయి మంచి వాల్వు కూడా నీరసంగా కనిపిస్తుంది. కొలత సరిగ్గా ఉంటేనే బటన్ రెండు మూడు సెకన్లు నొక్కి మీటరు చూడండి. లెక్క ప్రకారం గరిష్ఠం 23 మిల్లీ ఆంపియర్ల దరిదాపు. అదే నంబరు మంచి వాల్వుతో పోల్చుకోండి.

అసలు గుట్టు తర్వాతి పరీక్షలో బయటపడుతుంది. ఫిలమెంటుకి వెళ్లే తీగలో ఈఎల్84కి 1 ఓమ్, ఈసీహెచ్81కి 2.2 ఓమ్‌ల 2 వాట్ల రెసిస్టెన్సు వేసి, నిమిషం ఆగి మళ్లీ నొక్కండి. మంచిదైతే రీడింగు దాదాపు అక్కడే ఉంటుంది, కాథోడు అరిగిందైతే జారిపోతుంది.

స్విచ్ తీసిన వెంటనే, వేడి తగ్గకముందే 3కీ 4కీ మధ్య ఓమ్‌లు చూడండి. మీటరు కదిలితే రేడియోలో హమ్ (ఆగకుండా వచ్చే గుయ్‌మనే మోత) చేసే వాల్వు అదే కావచ్చు.